బాప్తీస్మపు తరగతిలో నడవడి పాఠం: చేతికి పట్టుకునేలా ఏం చెప్పాలి?

#1 బోధకుడు_పల్నాడు

అందరికీ వందనాలు. మా సంఘంలో ఆరు ఆదివారాల బాప్తీస్మపు తరగతి మొదలవుతోంది. విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, బల్ల సంస్కారం, వీటన్నిటికీ పుస్తకం ఉంది, చెప్పే పద్ధతీ ఉంది. ఇబ్బందల్లా నాలుగో వారం, "క్రైస్తవ నడవడి" దగ్గరే. గలతీ 5:22-23 లో ఉన్న తొమ్మిది ఆత్మ ఫలాలూ బోర్డు మీద రాస్తాం, నోటు పుస్తకాల్లో ఎక్కించుకుంటారు. సారా, చుట్ట, సినిమా మానాలంటాం, తలూపుతారు. సోమవారం పొద్దున్నే కొట్టు తెరిచేవాడికి అందులో చేతికి తగిలేది ఏమీ ఉండదు.

ఈసారి వస్తున్నది ఒక కిరాణా కొట్టాయన, తాపీ మేస్త్రీ, మిర్చి వేసే కౌలు రైతు, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, చీటీలు నడిపే ఇద్దరు ఆడవాళ్లు, డిగ్రీ పిల్లలు ముగ్గురు. ఎవరి పనిలో విశ్వాసం ఎక్కడ తేలుతుందో, ఎక్కడ జారుతుందో తెలిసినవాళ్లు రాయండి. సాక్ష్యాలు వద్దు. ఎలా చెయ్యాలో కావాలి.

#2 తూకంరాయి

కిరాణా సంగతి నేను చెప్తా అన్నా. సామెతలు 11:1 చదివి "దొంగత్రాసు వాడొద్దు" అంటే కొట్టాయన నొచ్చుకుంటాడు. ఆయన కాటా ఎలక్ట్రానిక్‌ది, దాంట్లో దొంగతనం లేదనే అనుకుంటాడు. కాటా కరెక్టుగా ఉన్నా తూకం తప్పే చోట్లు వేరే ఉన్నాయి.

మొదటిది ప్యాకింగు. కొనేవాడు డబ్బిచ్చేది సరుకుకి. స్వీటు అట్టపెట్టె 50 గ్రాములు ఉండి, కిలో 800 అయితే, పెట్టెతో కలిపి తూచిన ప్రతిసారీ 40 రూపాయలు అట్టకి పడుతున్నట్టు. ఖాళీ పెట్టె పెట్టి టేర్ బటన్ నొక్కి, సున్నా వచ్చాక సరుకు వెయ్యాలి. నూనె డబ్బా, పచ్చడి జాడీ కూడా అంతే. రద్దీలో ముందు మరిచిపోయేది ఇదే, అందుకని ఖాళీ కవర్ల బరువులు ఒక కాగితం మీద రాసి కాటా పక్కన అంటించుకుంటే కుర్రాడు కూర్చున్నా పని జరుగుతుంది.

రెండోది కాటా కూర్చున్న తీరు. కింద చిన్న నీటి బుడగ ఉంటుంది, అది గీత మధ్యలో ఉండాలి. పైన ఫ్యాను తిరుగుతుంటే 100 గ్రాముల లోపు తూకాలు ఊగుతాయి. జీడిపప్పు, యాలకులు తూచేటప్పుడు తేడా తెలుస్తుంది. ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి పెట్టుకుని రోజూ కొట్టు తెరవగానే ఒకసారి వేసి చూడాలి. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. గడువు దాటితే కాటా సరిగానే ఉన్నా కేసే.

మూడోది అరువు పద్దు. అసలు గొడవలన్నీ ఇక్కడే. కొట్టాయన పుస్తకంలో సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే ఎక్కడో ఒకచోట ఎక్కువ పడుతుంది, తక్కువ పడటం ఎవరూ చూడలేదు. సరుకు ఇచ్చినప్పుడే, ఆ మనిషి ముందే, రెండు పుస్తకాల్లో ఒకే అంకె రాయాలి. ఒకటి కొట్లో, ఒకటి కొన్న మనిషి చేతిలో. చదువురాని మనిషైతే అంకె పైకి చదివి వినిపించాలి. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే అలవాటుంటే అదీ మానాలి. ఆ రూపాయి కూడా పుస్తకంలో జమ రాస్తే సరిపోతుంది.

#3 కట్టుబడి_పని

మేస్త్రీకి చెప్పాల్సింది ఒక్కటే ఉంది, కూలి. లేవీయకాండం 19:13, ద్వితీయోపదేశకాండం 24:14-15, యాకోబు 5:4, మూడు చోట్లా మాట అదే, కూలి ఆపొద్దని. ద్వితీయోపదేశకాండం అయితే పొద్దుగూకే లోపు ఇచ్చెయ్యమంటుంది. మన దగ్గర శనివారం బట్వాడా మాట్లాడుకుంటే శనివారం పొద్దుగూకే లోపు అన్నమాట.

ఎందుకు తప్పుతుందంటే మేస్త్రీ చెడ్డవాడై కాదు. ఇంటాయన బిల్లు ఇవ్వడు, మేస్త్రీ దగ్గర నిల్వ ఉండదు. శనివారం సాయంత్రం ఫోన్ స్విచాఫ్, ఆదివారం ఆరాధనలో ముందు వరస. కూలోళ్ల ఇళ్లల్లో ఆ రోజు ఆయన విశ్వాసం గురించి ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

దీనికి మందు పని మొదలుపెట్టకముందే వెయ్యాలి. లెక్క చూడండి. ఇద్దరు తాపీ మనుషులు వెయ్యి చొప్పున, నలుగురు కూలీలు 700 చొప్పున అనుకుంటే రోజుకి 4,800. ఆరు రోజులకి 28,800. రెండు వారాలకి 57,600. ఇంటాయన దగ్గర తీసుకునే మొదటి అడ్వాన్సులో ఈ రెండు వారాల కూలి ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. అడ్వాన్సు అంత రాకపోతే మనుషుల్ని తగ్గించి మొదలుపెట్టాలి. సిమెంటు కొట్టువాడు నెల ఆగుతాడు, కూలివాడి పొయ్యి ఆగదు.

హాజరు పుస్తకంలో పూట, అరపూట ఏ రోజుకారోజు రాసి సంతకమో వేలిముద్రో పెట్టించాలి. ఇచ్చిన అడ్వాన్సు వారం కూలిలో నాలుగో వంతుకి మించి పట్టుకోకూడదు, అదీ ముందే మాట్లాడుకుని. పార పని ఒకటే అయినప్పుడు ఆడకూలికి తక్కువ, మగకూలికి ఎక్కువ ఇవ్వడం చట్టం కూడా ఒప్పుకోదు.

#4 టీచరమ్మ_కాకినాడ

బోధకుడు గారూ, సారా చుట్టల పట్టికలో నోటి సంగతి లేదు చూశారా? సంఘాలు చీలేది దాని వల్లే.

ప్రార్థన గ్రూపుల్లో జరిగేది చెప్తాను. "ఫలానా సిస్టర్ కూతురి విషయం ప్రార్థించండి, ఇల్లు వదిలి వెళ్లింది" అని ఎవరో పెడతారు. 140 మంది చదువుతారు. అందులో ఆ అమ్మాయికి సంబంధం చూస్తున్నవాళ్లూ ఉంటారు. పెట్టినావిడ నిజంగా భారంతోనే పెట్టి ఉండొచ్చు, జరిగింది మాత్రం చాడీ. తరగతిలో ఈ పద్ధతి నేర్పండి. ఎవరి గురించి పెడుతున్నామో వాళ్లని ముందు అడగాలి. అడగడం కుదరకపోతే పేరు, ఊరు, జబ్బు పేరు, ఫొటో ఏవీ లేకుండా "ఒక కుటుంబం కోసం" అని రాస్తే చాలు, దేవుడికి అడ్రసు తెలుసు. ఆసుపత్రి రిపోర్టు ఫొటో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒకరి మీద మనకి కోపం ఉంటే గ్రూపుకి వెళ్లకూడదు, మత్తయి 18:15 ప్రకారం ముందు ఒక్కరమే వాళ్లింటికి వెళ్లాలి.

ఇంకోటి, "ప్రభువు చిత్తమైతే వస్తాను". మనవాళ్ల నోట దీని అర్థం "రాను" అని ఊరందరికీ తెలుసు. పిలిచినవాళ్లు భోజనాల లెక్కలో వేసుకోవాలో వద్దో తెలియక చస్తారు. రాలేకపోతే రాలేనని చెప్పడం, వస్తానంటే వెళ్లడం, మత్తయి 5:37 కి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆడపిల్లలకి, కొత్తగా పెళ్లైనవాళ్లకి ఇది ఇంకా కష్టం. వద్దని చెప్పే మాట మర్యాదగా ఎలా అనాలో తరగతిలో నోటితో పలికించండి: "ఈ ఆదివారం కుదరదు పిన్నీ, ముందే చెప్తున్నా."

#5 ఓరుగల్లు_చీటి

చీటీలు నడిపే అక్కలకు నాలుగు ముచ్చట్లు చెప్పుండ్రి.

20 మంది, నెలకు 5,000, లక్ష చీటి అనుకుందాం. మూడో నెలల ఒకామె 22,000 తగ్గించి పాడుకున్నది. చీటి నడిపేటామె కమిషన్ 5,000 పోను 17,000 ఇరవై మందికి పంచితే మనిషికి 850 వస్తది, ఆ నెల 4,150 కట్టాలె. ఈ లెక్క అందరి ముందు రాయకుండ "ఈ నెల 4,300 కట్టుండ్రి" అంటే నెలకు 3,000 ఆమె సంచిలకు పోయినట్టే. ఎవ్వరు అడగరు, ఎందుకంటే ఆమె ప్రార్థనకు పోతది, నమ్మకం. ఆ నమ్మకాన్ని అమ్ముకునుడు అంటే ఇదే.

చట్టం సంగతి కూడా చెప్పాలె. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిన చీటిల నడిపేటోళ్ల కమిషన్ 5 శాతమే ఉండె, 2019 సవరణల 7 చేసిండ్రు. ఇంటికాడి చీటిలు చానా మటుకు రిజిస్టరే కావు. నమ్మకం మీద నడిచేటివి కాబట్టి పాట రోజు కాగితం మీద పాట మొత్తం, కమిషన్, మనిషికి వచ్చింది మూడు అంకెలు రాసి ఫోన్ల ఫొటో తీసి అందరికి పంపుడు మంచిది.

కట్టేటోళ్ల దిక్కు తప్పు కూడా ఉంటది. పాట ఎత్తుకున్నంక నెల నెల ఆలస్యం చేసుడు. పైసలు చేతికొచ్చినయి గద, ఇగ తొందరేముందని. ఆ ఆలస్యం నడిపేటామె నెత్తిన పడ్తది, ఆమె నూటికి మూడు వడ్డీకి తెచ్చి కడ్తది. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం.

ఇగ జామీను. సంఘంల అన్నదమ్ముడు అడిగిండని బ్యాంకుల సంతకం పెట్టేటోళ్లు మస్తు. సామెతలు 6:1-5, 22:26-27 సాఫుగ చెప్తున్నయి. భారత కాంట్రాక్టు చట్టం 128 సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, బాకీ తీసుకున్నోని మీద ఎంత బాధ్యతో జామీనుదారు మీద అంతే. బ్యాంకు ముందు నీ దగ్గరికే రావొచ్చు. అందుకని సూత్రం ఒక్కటే: పూర్తి బాకీ మనమే కట్టగలిగితేనే, ఇంట్ల భార్యకో భర్తకో చెప్పినంకనే సంతకం. లేకుంటే చేతనైనంత సొమ్ము ఊరికే ఇచ్చుడు మేలు.

#6 కృప_చాలు

క్షమించాలి, చదువుతుంటే ఇది బాప్తీస్మపు తరగతా, ఆడిటు ఆఫీసా అనిపిస్తోంది. ఎఫెసీ 2:8-9 ఏం చెబుతోంది? క్రియల వలన కాదు. కొత్తగా వచ్చేవాళ్ల మెడకి కాటాలు, హాజరు పుస్తకాలు కడితే ధర్మశాస్త్రం కిందికి లాగినట్టు కాదా? ఆత్మ వస్తే అవన్నీ అవే వస్తాయి.

#7 రిటైర్డ్_అయ్యగారు

బాబూ, ఆ అధ్యాయంలోనే ఇంకొక్క వచనం కిందికి రండి, 10: మంచి పనులు చెయ్యడానికే దేవుడు మనల్ని చేశాడని. రక్షణ తూకంతో కొనుక్కుంటారని ఇక్కడెవరూ అనలేదు.

అవే వస్తాయన్న మాటకి మన ఒంగోలు చరిత్ర జవాబు చెబుతుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టాడు. ఆ రోజుల్లో బాప్తీస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో తెలిసే దారి లేదని ఏడాదికి పైగా ఆపేశాడు. కాలువ పని అయిపోయి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పాక కూడా జనం కదల్లేదు. అప్పుడు 1878 జూలై 3 న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తీస్మం జరిగింది. మనవాళ్లు ఆ అంకె పండగలా చెప్పుకుంటారు, ముందు ఆపిన సంగతి ఎవరూ ఎత్తరు. నా మటుకు నాకు ఆపడమే పెద్ద విషయం. ఆత్మ పని చేస్తాడని నమ్మినవాడే లాభం లేని కాలం దాకా ఆగాడు.

క్లౌ కొత్తవాళ్లకి మొదట పెట్టిన షరతులు కూడా వేదాంతం కాదు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. మాదిగ పల్లెల్లో ఇవి మూడూ రోజువారీ బతుకుని తాకేవి. ఆదివారం పనికి రామంటే ఆసాములతో గొడవే. అంటే అప్పటి తరగతి కూడా చేతికి తగిలేదే చెప్పింది.

బోధకుడు గారికి ఒక మాట. దేన్ని ఎప్పుడు చెప్పాలన్నది చూసుకోండి. నాలుగో వారం అంతా కలిపి కుమ్మరించొద్దు. పది ఆజ్ఞల వారంలో "దొంగిలకూడదు" దగ్గర తూకమూ కూలీ, "అబద్ధ సాక్ష్యము" దగ్గర ప్రార్థన గ్రూపూ పెట్టండి.

#8 బోధకుడు_పల్నాడు

అయ్యగారూ, ఇది బాగుంది, అలాగే మారుస్తాను. ఇంకొకటి అడగాలి. ఈ పాఠం చెప్పగానే "ఇంతకుముందు చేసిన మోసం సంగతేంటి" అని ఎవరో ఒకరు అడుగుతారు. సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). కొట్టాయన నాలుగంతలు ఇవ్వాలంటే కొట్టు అమ్మాలి. ఏం చెప్పాలి?

#9 రిటైర్డ్_అయ్యగారు

నాలుగంతలు జక్కయ్య తనంతట తాను అన్న మాట. దొంగిలించిన గొర్రెకి నిర్గమ 22:1 లో ఉన్న లెక్క అది. మోసం ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడికి లేవీయకాండం 6:5, సంఖ్యాకాండం 5:7 వేరే లెక్క చెబుతున్నాయి: అసలు, దాని మీద అయిదో వంతు. 5,000 ఎగ్గొడితే 6,000. తరగతిలో ఈ లెక్కనే చెప్పండి, మొయ్యగలిగింది.

పద్ధతి ఇలా. ముందు ఒంటరిగా కూర్చుని పేరు, మొత్తం, సుమారు కాలం రాసుకోవాలి. గుర్తున్నవే, తవ్వి తవ్వి ఊహించినవి కాదు. చిన్నదానితో మొదలుపెట్టాలి. చిన్నది తీరితే పెద్దదానికి ధైర్యం వస్తుంది. మనిషి దగ్గరికి స్వయంగా వెళ్లి "ఇంత అన్యాయంగా తీసుకున్నాను, ఇదిగో" అని రెండు వాక్యాల్లో ముగించాలి. "అప్పుడు పరిస్థితులు అలా ఉన్నాయి" అన్న మూడో వాక్యం మొదలైతే క్షమాపణ కాస్తా సంజాయిషీ అయిపోతుంది. మొత్తం ఒకేసారి లేకపోతే వాయిదాలు చెప్పాలి, చెప్పిన తేదీ తప్పకూడదు. ఆ మనిషి చనిపోతే వారసులకి. వారసులూ లేకపోతే సంఖ్యా 5:8 ప్రకారం దేవుడికి, అంటే మన కాలంలో బీదలకి.

గుర్తుపట్టలేని వందమంది ఖాతాదారుల దగ్గర పది గ్రాములు చొప్పున పోయినదానికి ఒక్కొక్కరి గుమ్మం ఎక్కలేడు. అక్కడ సుమారు లెక్క వేసి బీదలకి ఇచ్చి, ఆ రోజునుంచి కాటా సరిచేసుకుంటే చాలు.

జాగ్రత్తలు రెండు. ఆదివారం మైకులో ఇది సాక్ష్యంగా చెప్పించొద్దు, దానం నలుగురికీ కనపడేలా చెయ్యొద్దన్న మత్తయి 6 మొదటి నాలుగు వచనాలు ఇక్కడా వర్తిస్తాయి. మూడో మనిషి కాపురం కూలే విషయమైతే నేరుగా వెళ్లకముందు పాస్టరుతో మాట్లాడాలి. డబ్బు తప్పుకీ, ఆ రకం తప్పుకీ మందు ఒకటి కాదు.

#10 పద్దుపుస్తకం

కొత్తవాళ్ల లెక్క అడిగే ముందు సంఘం తన లెక్క చూపించాలి, లేకపోతే నవ్వుతారు. పౌలు యెరూషలేము చందా తీసుకెళ్లేటప్పుడు తనొక్కడే పట్టుకెళ్లలేదు, ఎవరూ తప్పుపట్టకుండా మరికొందరిని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21). పౌలుకే అవసరమైతే మన కోశాధికారికి అవసరం లేదా?

కానుకల పళ్లెం ఆరాధన అవ్వగానే, భోజనాలకి లేవకముందే లెక్కపెట్టాలి. ముగ్గురు ఉండాలి, ఒకే ఇంటివాళ్లు కాకూడదు, పాస్టరు గారి కుటుంబం కాకూడదు, తలుపు తీసి ఉండాలి. చీటీ మీద నోట్ల వారీగా రాయాలి. ఉదాహరణకి: 500 లు 14, 7,000. 200 లు 9, 1,800. 100 లు 46, 4,600. 50 లు 38, 1,900. 20 లు 55, 1,100. 10 లు 120, 1,200. చిల్లర 340. మొత్తం 17,940. ముగ్గురి సంతకాలు. సోమవారం అదే 17,940 బ్యాంకులో పడాలి, పైసా తగ్గకుండా.

ఎక్కడ చెడుతుందంటే, "కరెంటు బిల్లు 2,300 ఇందులోంచి కట్టేసి మిగతాది వేద్దాం" అన్న దగ్గర. అలా కడితే పుస్తకంలో రాబడి, బ్యాంకులో రాబడి ఎప్పటికీ కలవవు, రెండేళ్ల తర్వాత ఎవడో ఒకడు "ఆ 2,300 ఏమైంది" అంటాడు. బిల్లు చూపించే నాథుడు ఉండడు. ముందు మొత్తం బ్యాంకులో పడాలి, తర్వాత ఇద్దరి సంతకాల చెక్కుతో బిల్లు.

మందిరం కట్టడానికి ఇచ్చిన డబ్బు వేరే ఖాతాలో. దాన్ని జీతానికి "తాత్కాలికంగా" వాడటం చాలా సంఘాల్లో మామూలైపోయింది. ఇచ్చినవాడు ఏ పనికి ఇచ్చాడో ఆ పనికే.

ఈ మధ్య కొత్త తలనొప్పి క్యూఆర్ కోడ్. గోడ మీద అంటించిన కోడ్ స్కాన్ చేస్తే పాస్టరు గారి సొంత పేరు వస్తుంది. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఆదాయపు పన్ను వాళ్లకి అది ఆయన ఆదాయంలాగే కనపడుతుంది. ఆయనకి ఏదైనా జరిగితే ఆ ఖాతా వారసులకి పోతుంది. సంఘం పేరున రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఖాతా ఉన్నాకే కోడ్ పెట్టాలి.

#11 వార్డు_సిస్టర్

నర్సు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా. చార్టులో చూడని అంకె రాయకూడదు. రాత్రి డ్యూటీలో 2 గంటల బీపీ, 4 గంటల టెంపరేచరు ముందే నింపేసి పడుకోవడం ఎంత మామూలంటే అది అబద్ధమని కూడా తోచదు. 4 గంటలకి జ్వరం 103 ఉంటే, చార్టులో 98.6 ఉంటే, పొద్దున డాక్టరు ఆ చార్టు చూసే మందు రాస్తాడు. చూడలేకపోతే గడి ఖాళీగా వదిలెయ్యాలి, లేదా ఆలస్యంగా చూసిన టైమే రాయాలి. ఖాళీ గడికి తిట్లు పడతాయి, పడనివ్వండి.

కాన్పు వార్డులో బిడ్డని చేతిలో పెట్టేటప్పుడు అడిగే మామూలు, స్ట్రెచరు తోసినందుకు అడిగే మామూలు మానమనండి. పక్కవాళ్లు తీసుకుంటుంటే ఆవిడొక్కతే తీసుకోకపోతే షిఫ్టుల్లో కక్ష కడతారు, ఆ సంగతి కూడా ముందే చెప్పండి. పేషెంటు ఎదురుగా తోటివాళ్ల పరువు తియ్యకుండా తన వాటా మాత్రం వద్దనడం దారి.

#12 అమీర్‌పేట_గల్లీ

డిగ్రీ పిల్లలకి: కోచింగుతో పాటు దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ పెట్టించుకునే అలవాటు గురించి ఇప్పుడే చెప్పండి, ఉద్యోగం వెతికే రోజు చెప్తే వినరు. అందరూ చేస్తున్నారంటారు. మూడేళ్ల అనుభవం రాసినవాడికి పీఎఫ్ ఖాతాలో ఆ మూడేళ్లు కనపడవు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే ఏడాది తర్వాత కూడా పంపించేస్తారు. ఆపైన "ప్రభువు ద్వారం తెరిచాడు" అని ఆ ఉద్యోగానికి కృతజ్ఞత కూడిక పెడతారు, చూడలేం. దొరక్కపోయినా అది వేరేవాడి సీటు.

#13 నిజం_ఖరీదు

అందరూ చుట్టూ తిరుగుతున్నారు గానీ అసలుది ఎత్తట్లేదు. బాప్తీస్మం తీసుకుని ఎస్సీ సర్టిఫికెట్ ఉంచుకోవడం సంగతేంటి? తూకంలో పది గ్రాములకి ఇంత చెప్పారు, దీనికి నోరు పెగలదా?

#14 రిటైర్డ్_అయ్యగారు

పెగులుతుంది. ముందు చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 3 వ పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956 లో సిక్కుల్ని, 1990 లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకి రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కింద ఒక శాతం ఉంది. బాప్తీస్మం తీసుకుని క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో తేల్చింది.

ఆ పేరా అన్యాయమని నా అభిప్రాయం. మతం మారితే పల్లెలో బావి దగ్గర చూపు మారదు, మన సంఘాల్లోనే సమాధుల తోటలు వేరుగా ఉన్న ఊళ్లున్నాయి. ఆ అన్యాయం మీద కోర్టులో, వీధిలో పోరాడాలి. కానీ తరగతి చెప్పేవాడి పని వేరు. మొదటి వారంలోనే, ముందు ఖర్చు లెక్క చూసుకోమన్న లూకా 14:28 చదివి, ఏం పోతుందో కాగితం మీద రాసి చూపించాలి: స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు, ఉద్యోగంలో కోటా, అట్రాసిటీ చట్టం రక్షణ. తెలిసి నిర్ణయించుకోవాలి. తెలియకుండా నీళ్లలో ముంచి, తర్వాత దొంగవి అనడం పాస్టరు చేసే మోసం. ఇంటర్ చదివే పిల్ల ఉన్న కూలివాడు "ఇంకొన్నాళ్లు ఆగుతాను" అంటే ఆగనివ్వండి, ఆరాధన నుంచి వెళ్లగొట్టొద్దు.

#15 కట్టుబడి_పని

అయ్యగారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా, "తెలిసి నిర్ణయించుకోవాలి" అనడం నాలుగెకరాలు ఉన్నవాడికి తేలిక. అగ్రకులంలోంచి వచ్చినవాడికి ఈ కాగితం మీద పోయేది ఏముంది? ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి ఒకే నిజాయితీ అడిగితే ఖర్చంతా ఒకడే కడుతున్నాడు. కనీసం ఆ పిల్లల ఫీజు సంఘం పెట్టుకోవాలి. అది చెయ్యని సంఘానికి ఈ పాఠం చెప్పే హక్కు లేదు.

#16 రిటైర్డ్_అయ్యగారు

ఒప్పుకుంటున్నా. పద్దుపుస్తకం గారు చెప్పిన ఖాతాల్లో చదువుల నిధి ఒకటి చేరాలి.

#17 మోడరేటర్

సర్టిఫికెట్ చర్చ ముఖ్యమైనది, న్యాయపరమైన చిక్కులు ఉన్నది. దానికి వేరే అంశం తెరిచాను, ఇకపై అక్కడ రాయండి. ఎవరి సొంత సర్టిఫికెట్ వివరాలూ, ఫొటోలూ ఇక్కడగానీ అక్కడగానీ పెట్టొద్దు. ఇక్కడ తరగతి విషయం కొనసాగించండి.

#18 టీచరమ్మ_కాకినాడ

మందిరం మైకు ఒకటి మిగిలింది. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. పగలు కూడా ఇళ్ల మధ్య 55 డెసిబెల్స్ పరిమితి. ఉపవాస కూడిక అర్ధరాత్రి దాకా సాగితే పక్కింట్లో పదో తరగతి పిల్లవాడికి మన పాటలు శాపంలా వినపడతాయి. బయటి హారన్లు తీసేసి లోపల రెండు బాక్సులు పెట్టుకుంటే సరిపోతుంది.

కట్నం కూడా చెప్పండి. ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం కింద నేరాలే, 5 ఏళ్లకి తగ్గని జైలు. మనవాళ్లు "కట్నం కాదు, కానుక" అంటారు, ఆడపడుచు లాంఛనాలు వేరే లెక్క అంటారు. పెళ్లి ప్రకటన మొదటిసారి చదివే ముందే పాస్టరు రెండు వైపులవాళ్లనీ కూర్చోబెట్టి అడగాలి. పెళ్లి రోజు అడిగితే లాభం లేదు, అప్పటికే డబ్బు చేతులు మారి ఉంటుంది.

#19 బోధకుడు_పల్నాడు

చాలా వచ్చింది, అందరికీ వందనాలు. ఒక సందేహం. ఇవన్నీ చెప్పాక పాటిస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది? కొట్టుకి వెళ్లి కాటా చూస్తే బాగుండదు. రెండోది, కౌలు రైతు సంగతి ఎవరూ రాయలేదు.

#20 తూకంరాయి

కాటా చూడటానికి వెళ్లొద్దన్నా, అది మా తూనికల శాఖవాళ్ల పని అనుకుని కొట్టాయన భయపడతాడు. తరగతిలోవాళ్లని జతలు చెయ్యండి, వేరు వేరు పనులవాళ్లని. నెలకోసారి ఇద్దరూ కూర్చుని మూడు ప్రశ్నలు అడుక్కోవాలి: ఎవరికైనా డబ్బు ఇవ్వాల్సి ఉండి ఆపావా, ఎవరి గురించైనా వాళ్లు లేనప్పుడు అన్నది వాళ్ల ముందు అనగలవా, ఇంట్లో దాచిన బాకీ ఏమైనా ఉందా. జవాబులు మీ దాకా రానక్కర్లేదు.

#21 యార్డు_దగ్గర

మిర్చి నేను చెప్తా. బస్తా కట్టే ముందు కాయ మీద నీళ్లు చల్లడం మొదటి తప్పు. కాయ విరగకుండా ఉండటానికి కొద్దిగా చల్లుతామంటారు, బరువు కోసమని ఎవరూ ఒప్పుకోరు. తేమ 10-11 శాతం దాటితే బస్తా లోపల బూజు పట్టొచ్చు, బూజులోంచి అఫ్లాటాక్సిన్ విషం రావొచ్చు. చివరికి తినేవాడి పొట్టలోకి పోయేది అది. విరగకుండా ఉండాలంటే తెల్లారుజామున మంచు మెత్తదనం ఉన్నప్పుడు బస్తాకెత్తాలి, నీళ్లు అక్కర్లేదు.

రెండోది తాలుకాయ. మచ్చ పడినవీ, తెల్లబడినవీ బస్తా నడుమ కూరి, పైన కింద ఎర్రకాయ పరచడం. మార్కెట్ యార్డులో బస్తా లోపలి కాయ కూడా చూస్తారు కాబట్టి పట్టుబడుతుంది, పట్టుబడితే లాటు మొత్తానికి రేటు కోస్తారు. కళ్లంలోనే ఏరించి తాలు వేరే బస్తాలో కట్టాలి, దానికీ రేటుంది.

మూడోది మందు. కోతకి ముందు కొట్టిన పురుగుమందు డబ్బా మీద ఎన్ని రోజులు ఆగి కొయ్యాలో రాసి ఉంటుంది. రేటు పెరిగిందని ఆగకుండా కోస్తే కాయలో మందు ఉండిపోతుంది. ఏ మందు ఏ తేదీన కొట్టాడో క్యాలెండరు మీద ఆ గడిలోనే రాసుకోమనండి, కోత కూలీలని పిలిచే ముందు అది చూసుకుంటే చాలు. ఆ కోత కూలీల్లో గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు ఉంటారు, మందు ఆరని చేలోకి వాళ్లని దించొద్దు.

కౌలు మాట కూడా ఒకటుంది. పంట బాగా పండిన ఏడాది ఆసామికి "సగమే వచ్చింది" అని చెప్పడం మామూలు. పంటలో వాటా మాట్లాడుకున్న చోట ఇది ఎక్కువ. యార్డు తక్పట్టీ (తూకం, రేటు రాసిన అమ్మకం చీటీ) జిరాక్సు ఆసామి చేతిలో పెడితే ఇద్దరికీ మాట ఉండదు. ఆసామి కూడా కౌలు కాగితం రాసి ఇవ్వాలి, అది లేకపోతే పంట నష్టపరిహారం కౌలు రైతుకి రాకుండా ఆసామి ఖాతాలో పడొచ్చు. మీ సంఘంలో పొలం కౌలుకిచ్చే ఆసాములు ఎవరైనా ఉంటే ఆ వారం వాళ్లని కూడా తరగతికి పిలవండి.